జత ఎవరిది... తోలేదెవరు?

పెద్దింటి పేరుతో రేసు కారెక్కిన తెలుగువాళ్లు చాలా తక్కువ. అందులో ఫార్ములా వన్ దాకా వెళ్లినవాడు ఆంధ్రలోనో తెలంగాణలోనో పుట్టలేదు, కోయంబత్తూరులో పెరిగాడు. ఎందుకని?

సంక్రాంతి నుంచి శివరాత్రి తిరునాళ్లు దాటేదాకా మన వైపు ఊళ్లలో ఎక్కడో ఒకచోట ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతూనే ఉంటాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు. బండ ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. మైకు పట్టుకున్న పెద్దమనిషి ఊపిరి తీసుకోకుండా చదువుతుంటాడు: ఫలానా గ్రామం, ఫలానా ఇంటిపేరు, ఫలానా వారి ఎడ్ల జత. ఆసామి ఇంటిపేరు పది ఊళ్లకు వినబడుతుంది. చర్నాకోల పట్టుకుని గిత్తల పక్కన దుమ్ములో పరిగెత్తేవాడి పేరు మాత్రం వాళ్ల ఊరివాళ్లు అరిస్తేనే తెలుస్తుంది.

మోటారు రేసింగ్‌లో తెలుగు ఇంటిపేర్ల కథ ఇంచుమించు ఇదే. జత మనవాళ్లదే. తోలేది వేరేవాళ్లు.

వేటపాలెంలో కూర్చుని కార్ల రేసుల గురించి మాట్లాడటమేమిటని అనిపించవచ్చు. జీడిపప్పు, చేనేత, వందేళ్లు దాటిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉన్న ఊరికి ఫార్ములా కార్లతో ఏం పని? పనుంది. మన దేశపు రేసు జట్ల యజమానుల జాబితా తీస్తే అందులో ఒక పేరు వేర్లు ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. చీరాల అవతల కారంచేడు. దగ్గుబాటి రామానాయుడి ఊరు.

కారంచేడు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది 1985 జులై 17 నాటి దళితుల ఊచకోత. ఈ కథనం దాని గురించి కాదు. కానీ ఆ ఊరి పేరెత్తి ఆ సంగతి తెలియనట్టు దాటిపోవడం సబబు కాదు.

ఇద్దరు తాతల మనవడు

రామానాయుడు 1936లో కారంచేడులో పుట్టారు. మద్రాసు వెళ్లి 1964లో సురేష్ ప్రొడక్షన్స్ పెట్టారు. ఎన్నో భాషల్లో సినిమాలు తీసి గిన్నిస్ బుక్కులోకి ఎక్కారు. 1999 నుంచి 2004 దాకా బాపట్ల ఎంపీగా ఉన్నారు. అంటే వేటపాలెం ఓటర్లకు ఆయన సినిమా పేరూ తెలుసు, బ్యాలెట్ మీది పేరూ తెలుసు. ఆయన కూతురి కొడుకు అక్కినేని నాగచైతన్య. తండ్రి వైపు తాత అక్కినేని నాగేశ్వరరావు.

సినిమావాళ్లు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. అక్కినేని 'నమ్మిన బంటు' షూటింగ్ కారంచేడు పరిసరాల్లో జరిగినప్పుడు కుర్రవాడైన రామానాయుడు దగ్గరుండి సాయం చేశారని, ఎడ్ల పందెం సన్నివేశంలో తెరమీద కూడా కనిపించారని అంటారు. 1960లో వచ్చిన సినిమా అది. అప్పటికి వీళ్లిద్దరూ వియ్యంకులవుతారని గానీ, వాళ్ల మనవడు పందెపు కార్ల జట్టు కొంటాడని గానీ ఎవరనుకున్నారు?

2023లో నాగచైతన్య హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే జట్టుకు యజమాని అయ్యాడు. ఇండియన్ రేసింగ్ ఫెస్టివల్‌లో నగరాల పేర్లతో జట్లుంటాయి, ఐపీఎల్ మాదిరి. కలకత్తా జట్టు సౌరవ్ గంగూలీది, గోవా జట్టు జాన్ అబ్రహాందీ, ఢిల్లీ జట్టు అర్జున్ కపూర్‌దీ. చైతన్యకు కార్లంటే, బైకులంటే ఎంత పిచ్చో సినిమా పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు. అది పబ్లిసిటీ కోసం పుట్టిన ఇష్టం కాదు, నటుడు కాకముందు నుంచీ ఉన్నదే. అయినా హెల్మెట్ పెట్టుకుని గ్రిడ్ మీద నిలబడేది ఆయన కాదు. ఆయన పేరు జట్టు మీద ఉంటుంది, కారులో మరొకరుంటారు.

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రేసింగ్ యజమానుల క్రీడ కూడా. ఫెరారీ, విలియమ్స్, జోర్డాన్ అన్నీ యజమానుల ఇంటిపేర్లే. కాకపోతే ఎన్జో ఫెరారీ యజమాని కాకముందు తానే డ్రైవరు. ఎడ్డీ జోర్డాన్ కూడా అంతే, కింది తరగతుల్లో కార్లు నడిపి ఆ తర్వాతే జట్టు పెట్టాడు. వాళ్లు తోలడం నుంచి జత కట్టడానికి వెళ్లారు. మనవాళ్లు నేరుగా జత దగ్గరికే వెళుతున్నారు.

జిల్లాకు పేరిచ్చిన ఇల్లు

అలా కాకుండా నేరుగా కార్లోకే ఎక్కినవాడు ఒకడున్నాడు. కొండా అనిందిత్ రెడ్డి.

ఈ ఇంటిపేరు బరువు ఎంతో తెలియాలంటే తెలంగాణ పటం చూస్తే చాలు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడినప్పుడు పెట్టింది ఇతని ముత్తాత పేరే. కొండా వెంకట రంగారెడ్డి 1956 పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం పెట్టినవారిలో ఒకరు, సంజీవయ్య మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి. తాత జస్టిస్ కొండా మాధవరెడ్డి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ, బొంబాయి హైకోర్టుకూ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. తండ్రి విశ్వేశ్వర్ రెడ్డి చేవెళ్ల ఎంపీ. 2014లో ఒక పార్టీ తరఫున, 2024లో మరో పార్టీ తరఫున గెలిచారు. 2024 అఫిడవిట్‌లో కుటుంబ ఆస్తి నాలుగు వేల కోట్ల పైనే చూపించారు. తల్లి సంగీతా రెడ్డి అపోలో ఆసుపత్రుల ప్రతాప్ సి. రెడ్డి కూతురు. నటుడు రామ్‌చరణ్ భార్య ఉపాసనకు అనిందిత్ పిన్ని కొడుకు. రాజకీయం, న్యాయస్థానం, ఆసుపత్రి, సినిమా: తెలుగునాట పలుకుబడి అనేది ఎన్ని గుమ్మాల నుంచి వస్తుందో అన్నిటికీ ఈ ఇంటి నుంచి దారి ఉంది.

అనిందిత్ 2016లో యూరో జేకే జాతీయ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడు మళ్లీ గెలిచాడు. ఇక్కడ ఒక సాంకేతిక సంగతి చెప్పాలి. ఆ పోటీలో అందరికీ ఒకటే కారు. పాత ఫార్ములా బీఎండబ్ల్యూ చట్రం, బీఎండబ్ల్యూ మోటారు సైకిల్ నుంచి తీసుకున్న 1,200 సీసీ తరగతి ఇంజను, 140 గుర్రాల బలం. ఎక్కువ డబ్బు పెట్టినవాడికి మంచి ఇంజను దొరికే వీలు ఉండదు. కాబట్టి ఆ రెండు టైటిళ్లు ఇంటిపేరు కొనిపెట్టినవి అనడం అన్యాయం. ఇంటిపేరు సీటు కొంటుంది. సీటు దొరికాక గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ పొడవాటి స్ట్రెయిట్ చివర, పక్కవాడికంటే పది మీటర్లు ఆలస్యంగా బ్రేకు తొక్కే ధైర్యం ఏ అఫిడవిట్‌లోనూ ఉండదు.

అయితే ఆ కథ ఫార్ములా వన్ దాకా సాగలేదు. జాతీయ చాంపియన్ అయ్యేనాటికి అతని వయసు ఇరవైల మధ్యలో ఉంది. మాక్స్ వెర్‌స్టాపెన్ ఫార్ములా వన్‌లో మొదటి రేసు నడిపింది పదిహేడేళ్లకు. నాలుగైదేళ్ల వయసులోనే కార్టు అనే బుల్లి రేసు బండి ఎక్కాడు, ఇంట్లో నాన్న జోస్ ఫార్ములా వన్ డ్రైవరు, అమ్మ సోఫీ కార్టింగ్‌లో పేరున్న పోటీదారు. ఇక్కడ తేడా డబ్బు కాదు. కొండా వారింటికి డబ్బు కొదవ లేదు. తేడా ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లను డబ్బు పెట్టి వెనక్కి కొనలేం.

2022లో హుస్సేన్ సాగర్ ఒడ్డున హైదరాబాద్ వీధుల్లో ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టినప్పుడు అనిందిత్ సొంత నగరం జట్టు బ్లాక్‌బర్డ్స్‌కే నడిపాడు. నవంబరులో మొదటి విడత అసలు పోటీ జరక్కుండానే ముగిసింది, డిసెంబరులో మళ్లీ పెట్టారు. 2023 ఫిబ్రవరి 11న అదే వీధుల్లో విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈ జరిగింది, ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ తర్వాతి ఏడాది పోటీ రద్దయింది. ఎన్నికలు, ప్రభుత్వ మార్పు, కేసులు... అది వేరే పురాణం.

ఒక చిన్న విషయం నాకు వింతగా అనిపిస్తుంది. టీవీలో రేసు చూస్తుంటే ఎడమ వైపు వరుసగా మూడేసి అక్షరాలు కనబడతాయి, ఇంటిపేరులో మొదటి మూడూ. అనిందిత్‌ను రేసు పట్టికలు పిలిచేది రెడ్డి అని. అంటే లక్షలమందికి ఉన్న పేరు. జిల్లాకు చిరునామా అయిన 'కొండా' పిట్ గేటు దాటి లోపలికి రాలేదు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, లోకానికి చివరుంటుంది. ఆ తిరకాసులో అసలైంది రాలిపోయింది.

రోడ్డు మీద వచ్చిన వార్తలు

పెద్దింటి పేరూ వేగమూ కలిసిన వార్తలు తెలుగు పాఠకులకు కొత్త కాదు. కానీ అవి ఆటల పేజీలో రావు. 2010లో నటుడు కోట శ్రీనివాసరావు కొడుకు, 2011లో క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు, ఇద్దరూ హైదరాబాద్‌లో మోటారు సైకిల్ ప్రమాదాల్లో పోయారు. 2017లో మంత్రి నారాయణ కొడుకు కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభాన్ని ఢీకొంది. నందమూరి ఇంట్లో 2014లో ఒకసారి, 2018లో ఒకసారి రోడ్డే ప్రాణం తీసింది. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం. అన్నిటికీ వేగమే కారణమని గానీ, పోయినవాళ్లదే తప్పని గానీ అనడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది ఆ తర్వాత ఇళ్లలో ఏం జరిగిందో. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ, ఉన్నింటి తల్లిదండ్రులు కొడుకు చేతిలో తాళాలు లాక్కున్నారు. లాక్కున్నది కొన్నాళ్లే, తర్వాత మామూలే. వేగం మోజు ఉన్న పిల్లవాడిని ట్రాక్ దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

రేస్ ట్రాక్ మీద మలుపు మలుపుకూ జెండా పట్టుకున్న మనిషుంటాడు. అంబులెన్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంటుంది. ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు. ప్రమాదం ఉండదని కాదు. 2023లో మద్రాసు ట్రాక్ మీద పదమూడేళ్ల బెంగళూరు పిల్లవాడు బైకు రేసులో చనిపోయాడు. అది తలుచుకుంటే ఏ తండ్రికైనా చెయ్యి వణుకుతుంది. కానీ తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పే బైకును అదుపు చేసేవాడే ఉండడు. మన ఇళ్లలో 'వద్దు' అనే మాట ట్రాక్‌కే గట్టిగా చెబుతారు, రోడ్డుకు చెప్పరు.

కోయంబత్తూరు షెడ్డు

ఇక కోయంబత్తూరు. కాసేపు నిలబడాల్సిన చోటు ఇది.

విజయనగర కాలంలో దక్షిణానికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కొంగునాట వందల ఏళ్లుగా ఉన్నాయి. బయట తమిళం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు మన చెవికి కాస్త వింతగా ఉంటుంది గానీ తెలుగే. పత్తి పండించిన ఆ నాయుడు కుటుంబాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిల్లుల వైపు మళ్లాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టారు. జి.డి. నాయుడు 1920లో ఒకే ఒక్క బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తిప్పడం మొదలుపెట్టి తర్వాత పెద్ద రవాణా సంస్థే కట్టారు. ఆ బస్సు ఆయనే నడిపాడు, ఆయనే విప్పి బిగించాడు. మిల్లుకు యంత్రాలు కావాలి, యంత్రాలకు లేత్‌లు కావాలి, లేత్‌లకు పనివాళ్లు కావాలి. కొన్నాళ్లకు పంపుసెట్టు అంటే కోయంబత్తూరు అన్నట్టయింది. ఊరంతా గ్రీజు వాసన.

ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో మూడో తరం మనిషి ఎస్. కరివర్ధన్. 1954లో పుట్టాడు. మిల్లు లెక్కలు చూసుకుంటూ హాయిగా బతకగలిగిన మనిషి షెడ్డులో కూర్చుని రేసు కార్లు తయారుచేయడానికి సిద్ధపడ్డాడు. అప్పట్లో మన దేశంలో రేసింగ్ అంటే మద్రాసు దగ్గర షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధంలో వేసి వదిలేసిన విమానాల పట్టీ మీద, సంపన్నులు విదేశాల నుంచి తెచ్చిన పాత కార్లతో చేసే విన్యాసం. కరి దాన్ని తలకిందులు చేశాడు. మారుతి 800 ఇంజను దేశమంతా దొరుకుతుంది, విడిభాగాలు సందు చివర షాపులో ఉంటాయి. ఆ ఇంజను పెట్టి ఒంటి సీటు కారు కట్టాడు. 1980ల చివర్లో ఫార్ములా మారుతి అలా పుట్టింది. 796 సీసీ అంటే నవ్వొస్తుంది గానీ, ఆ తర్వాత రెండు తరాల భారతీయ డ్రైవర్లు చక్రం పట్టడం నేర్చుకున్నది అందులోనే. ఉన్నవాడి ఆటను కొంచెం తక్కువ ఉన్నవాడి దాకా దించిన మనిషి ఆయన. 1995 ఆగస్టులో చిన్న విమానం కూలి చనిపోయాడు, నలభై ఒక్క ఏళ్లకే. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయం ట్రాక్‌ను ఇప్పుడు కరి మోటార్ స్పీడ్‌వే అంటారు. మిల్లు పేరు కాదు, ఇంటిపేరు కాదు, మనిషి ముద్దు పేరు.

ఆ కరివర్ధన్‌కు దగ్గరి బంధువు నరేన్ కార్తికేయన్. 1977 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ చాంపియన్, దక్షిణ భారత ర్యాలీని ఏడుసార్లు గెలిచినవాడు.

పేరు దగ్గర మళ్లీ ఆగాలి. తమిళనాట కుటుంబాల్లో ఇంటిపేరు వాడుక పోయింది, నాయుడు తోక కూడా చాలామంది వదిలేశారు. తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. కాబట్టి నరేన్ మోసింది ఏ వంశం పేరూ కాదు. ర్యాలీ కారు నడిపి దుమ్ము కొట్టుకుపోయి ఇంటికొచ్చే నాన్న సొంత పేరు. టీవీ పట్టికలో మూడక్షరాలు కేఏఆర్ అని వచ్చినప్పుడల్లా అక్కడున్నది కార్తికేయన్ అనే ఒకే ఒక్క మనిషి. లక్ష్మీ మిల్స్ పేరు ఎక్కడా లేదు. దాని డబ్బు, దాని నగరం, దాని లేత్‌లు, దాని షెడ్డు మాత్రం వెనక ఉన్నాయి.

పదిహేనేళ్లకే, 1992లో, అతన్ని ఫ్రాన్స్‌లోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్‌కు పంపారు. మన ఇళ్లలో పదో తరగతి తర్వాత పిల్లవాణ్ణి గుంటూరు, విజయవాడ కార్పొరేట్ హాస్టల్లో వేసే వయసు అది. మరుసటి ఏడు శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాక్ మీద ఫార్ములా మారుతిలో దిగాడు. 1994లో బ్రిటన్ ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు సిరీస్ గెలిచాడు, ఐరోపాలో చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి భారతీయుడు. 1996లో ఫార్ములా ఆసియా చాంపియన్. తర్వాత బ్రిటిష్ ఫార్ములా త్రీ, జపాన్, ఐరోపా. 2001 జూన్‌లో సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ జట్టు ఫార్ములా వన్ కారును పరీక్షకు నడిపాడు. సీటు మాత్రం రాలేదు. వచ్చింది 2005లో, జోర్డాన్ జట్టులో. అప్పటికే ఎడ్డీ జోర్డాన్ జట్టును అమ్మేశాడు. పేరొకరిది, జత వేరొకరిది!

మార్చి 6న మెల్‌బోర్న్‌లో మొదటి రేసు, పదిహేనో స్థానం. జూన్ 19న ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్ వేగానికి తట్టుకోవని తేలి పద్నాలుగు కార్లు పక్కకు వెళ్లిపోతే, మిగిలిన ఆరింటిలో నరేన్ నాలుగో స్థానంలో వచ్చాడు. ఐదు పాయింట్లు. ఆరే కార్లున్నాయి కదా అని ఎగతాళి చేసినవాళ్లున్నారు, ఇప్పటికీ ఉన్నారు. కానీ ఫార్ములా వన్‌లో భారతీయుడు సంపాదించిన పాయింట్లు ఇవాళ్టికీ ఆ ఐదే. 2011లో బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగినప్పుడు, గ్రిడ్‌లో అందరికంటే నెమ్మదైన జట్లలో ఒకటైన హెచ్‌ఆర్‌టీ కారును పదిహేడో స్థానంలో తెచ్చాడు. వెనక పద్దెనిమిదో స్థానంలో అదే జట్టు డ్రైవరు డేనియల్ రికియార్డో. ఆ ఏడాది మధ్యలో నరేన్‌ను సీటు నుంచి దించి కూర్చోబెట్టింది ఈ రికియార్డోనే, వెనక రెడ్‌బుల్ మద్దతుతో. ఆ కుర్రాడు తర్వాత ఎనిమిది గ్రాండ్ ప్రీలు గెలిచాడు. ఒకే కారు, ఒకే రోజు, సొంత దేశంలో అతనికంటే ముందు రావడం నా దృష్టిలో ఇండియానాపొలిస్ నాలుగో స్థానం కంటే పెద్ద సంగతి.

నరేన్ వెనక టాటాలు, జేకే టైర్, భారత్ పెట్రోలియం లాంటి సంస్థలు నిలబడ్డాయి. పేరున్న ఇంటి పిల్లవాడు కాకపోతే ఆ గదుల్లోకి అడుగుపెట్టగలిగేవాడా? కష్టమే. 1992 నుంచి 2005 దాకా పదమూడేళ్లు ఓపిక పట్టే స్తోమత మామూలు ఇంటికి ఉంటుందా? ఉండదు. ఇది దాచాల్సిన సంగతి కాదు. కానీ అంత డబ్బున్న ఇళ్లు హైదరాబాద్‌లో, విజయవాడలో, గుంటూరులో, నెల్లూరులో లేకనా? కోయంబత్తూరులో ఉన్నదీ ఇక్కడ లేనిదీ ఆ షెడ్డు. ఇంజను విప్పిన చేతులు ఇంట్లోనే ఉండటం. పిల్లవాడు చక్రం పడతానంటే, అదేమిటో తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండటం.

పేరు దాచుకున్నవాళ్లు

2010లో ఆ హెచ్‌ఆర్‌టీ జట్టే హిస్పానియా పేరుతో మొదలైనప్పుడు అందులో ఇద్దరు కొత్త డ్రైవర్లు. ఒకరు బ్రూనో సెన్నా, అయర్టన్ సెన్నా మేనల్లుడు. 1994లో మేనమామ ఇమోలా రేసులో చనిపోయాక ఇంట్లోవాళ్లు ఆ పిల్లవాణ్ణి రేసులు మాన్పించారు. ఇరవై ఏళ్ల వయసులో మళ్లీ మొదలుపెట్టి ఫార్ములా వన్ దాకా వచ్చాడు. రెండోవాడు మద్రాసు కుర్రాడు కరుణ్ చాందోక్. తాత ఇందు చాందోక్ 1950ల్లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టినవారిలో ఒకరు, తండ్రి వికీ డ్రైవరు, తర్వాత దేశ మోటారు క్రీడల సమాఖ్య అధ్యక్షుడు. బహ్రెయిన్ తొలి రేసులో కరుణ్ కారు మొదటిసారి కదిలిందే క్వాలిఫయింగ్‌లో. అంతకుముందు ఒక్క ల్యాపు కూడా తిరగలేదు. ఇద్దరికీ పేర్లున్నాయి, కారే లేదు.

మిక్ షూమాకర్ చిన్నప్పుడు కార్టింగ్‌లో అమ్మ పుట్టింటి పేరు పెట్టుకుని మిక్ బెట్ష్‌గా తిరిగాడు. ఏడుసార్లు చాంపియన్ అయిన నాన్న పేరు పట్టికలో కనబడితే పక్క కార్టువాడికి పూనకం వస్తుందని ఆ ఇంటివాళ్లకు తెలుసు.

బెంగళూరు మైనీల కథ మాత్రం మళ్లీ కోయంబత్తూరు బాటే. విడిభాగాలు, విద్యుత్ బండ్లు చేసే కుటుంబం. దేశానికి రేవా విద్యుత్ కారు తెచ్చింది ఆ ఇల్లే. తండ్రి గౌతమ్ స్వయంగా రేసులు నడిపినవాడు, కొడుకులు అర్జున్, కుశ్ ఇద్దరూ డ్రైవర్లయ్యారు. 2025 మేలో మొనాకోలో కుశ్ ఫార్ములా టూ స్ప్రింట్ రేసు గెలిచాడు.

ఇంటిపేరు అడక్కుండా ఎంపిక చేసిన సందర్భం ఒకటుంది. 2011లో ఫార్ములా వన్ జట్టు ఫోర్స్ ఇండియా దేశమంతా కార్టింగ్ పోటీలు పెట్టి పిల్లలను వెతికింది. చివరికి మిగిలిన ముగ్గురు అర్జున్ మైనీ, జెహాన్ దారువాలా, మద్రాసు కుర్రాడు తరుణ్ రెడ్డి. గడియారం చూసి ఎంచినా వాళ్లలో ఎక్కువమంది ఉన్న ఇళ్ల పిల్లలే. అప్పటికే కార్టు తొక్కి ఉండాలి కదా మరి.

మూడు వందల చిల్లర కిలోమీటర్లు

వేటపాలెం స్టేషన్లో మద్రాసు బండెక్కితే రైలు పట్టాల మీద సుమారు 330 కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీపెరుంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టైకి ఇంకో గంట ప్రయాణం. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు. బాపట్ల జిల్లా పిల్లవాడు కార్ల రేసింగ్ నేర్చుకోవాలనుకుంటే, దశాబ్దాలుగా నడుస్తున్న పాత బడి అదే. వారం వారం పన్నెండేళ్ల పిల్లవాణ్ణి అక్కడికి తీసుకెళ్లి తీసుకురావడం ఏ నేత కుటుంబానికీ, ఏ జీడిపప్పు వ్యాపారికీ సాధ్యమయ్యే పని కాదు. ఎమ్మెల్యే కొడుక్కి సాధ్యమే, కానీ ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

మన వైపూ ఒక విమానాల పట్టీ ఉంది. జాతీయ రహదారి 16 మీద కొరిశపాడు దగ్గర, యుద్ధ విమానాలు అత్యవసరంగా దిగడానికి వేసిన నాలుగు కిలోమీటర్ల పైచిలుకు కాంక్రీటు రన్‌వే. 2022 డిసెంబరులో, 2024 మార్చిలో వాయుసేన దాని మీద విమానాలు దించి చూసింది. షోళవరం కథ చదివినవాళ్లకు అది చూస్తే చెయ్యి దురద పెడుతుంది. పెట్టకూడదు. అది నడుస్తున్న హైవే, మిగతా రోజుల్లో దాని మీద పొగాకు లారీలు, గ్రానైటు లారీలు పోతుంటాయి.

కార్టింగ్‌కు అంత పొడవు అక్కర్లేదు. ఒక కిలోమీటరు తారు మెలికలు, చుట్టూ టైర్ల గోడ, పది కార్టులు, ఒక మెకానిక్కు చాలు. ఇలాంటివి ఎలా మొదలవుతాయో వేటపాలేనికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1918లో వి.వి. శ్రేష్ఠి, ఇంకొందరు యువకులు కలిసి చిన్న గ్రంథాలయం పెట్టారు. గాంధీ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. దేశం నలుమూలల నుంచి పరిశోధకులు పాత పత్రికల కట్టల కోసం ఇవాళ్టికీ ఆ గుమ్మం ఎక్కుతారు. ఆ యువకులు ఊరికి ఇచ్చింది ఇంటిపేరు కాదు, కూర్చుని చదువుకునే చోటు.

దగ్గుబాటి, అక్కినేని పేర్లు రెండూ మోసే జట్టు యజమానికి ఈ తీరం పరాయిది కాదు. చీరాల, బాపట్ల మధ్య ఎక్కడో కాస్త జాగాలో బ్లాక్‌బర్డ్స్ పేరుతో ఒక కార్టింగ్ మైదానం పెట్టి, పదేళ్లలోపు పిల్లలను ఏడాదికోసారి గడియారం చూసి ఎంచుకుంటే, హీరోగారు వచ్చి రిబ్బను కత్తిరించిన రోజున జనం విరగబడతారు. ఆ మర్నాటి నుంచి ఎంతమంది వస్తారో, వచ్చినవాళ్లను ఇంట్లోవాళ్లు రెండోసారి రానిస్తారో లేదో చూడాలి. పోటీ లైసెన్సు దరఖాస్తు మీద పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.